ఎఫ్ ఆరున్నొకటి

నేను ఒక ఓవెన్‌ను. ముందే చెబుతున్నాను, నాకు అనుమానం ఎక్కువ. నా తలుపు ఎవరు తీసినా, వీళ్ళు నాలో ఏం పెట్టబోతున్నారు, ఎందుకు పెడుతున్నారు, పెట్టిన సంగతి గుర్తుంచుకుంటారా అని నాలో నేను తర్కించుకున్నాకే వేడెక్కుతాను. మీరు ఈ మాటలు ఎందుకు చదువుతున్నారో కూడా నాకు కొంచెం సందేహమే. పాత ఓవెన్ ఏదైనా చవగ్గా దొరుకుతుందేమోనని అయితే, నేను అమ్మకానికి లేను.

ఈ గుణం నాకు పుట్టుకతో వచ్చింది కాదు. ఫ్యాక్టరీలో నా కడుపుకు పింగాణీ పూత పూసి, వెనక ఫ్యాను బిగించి, నుదుటి మీద బటన్ల పలక అతికించి పంపారు. నాకు జబ్బు చేస్తే నోటితో చెప్పుకోలేను కనుక ఆ పలక మీద అంకెల్లో చెప్పుకొమ్మన్నారు. ఒక్కో రోగానికి ఒక్కో సంఖ్య. రోగి పుట్టకముందే రోగి మాట వినే ఏర్పాటు చేశారంటే మనుషులు ఎంత ముందుచూపు గలవాళ్ళో అని అప్పట్లో మురిసిపోయాను. ఆ సంఖ్యల అర్థం రాసిన పుస్తకాన్ని అట్టపెట్టెతో పాటే బయట పారేస్తారని అప్పటికి నాకు తెలియదు.

మొదట గుంటూరులో ఒక పళ్ళ డాక్టరు గారింట్లో దిగాను. గృహప్రవేశానికి వచ్చిన వాళ్ళందరికీ నన్ను చూపించారు. చుట్టాలు నా తలుపు తీసి, లోపలికి తొంగిచూసి, తల ఊపి, భోజనాలకు వెళ్ళిపోయారు. ఆ తర్వాత నేను ఆ ఇంటికి అల్మరానయ్యాను. అట్ల పెనాలు, బూరెల మూకుడు, అప్పడాల పొట్లాలు, పెళ్ళిళ్ళలో ఇచ్చిన ప్లాస్టిక్ డబ్బాలు అన్నీ నాలోనే. ఒకసారి ఎవరో వచ్చి, ఇది పనిచేస్తుందా అని సరదాకి మీట తిప్పారు. లోపల ఏముందో చూడలేదు. డబ్బాలన్నీ కరిగి నా కడుపులో గడ్డకట్టాయి. డాక్టరు గారి భార్య ముక్కు మూసుకుని, "ఈ కంపెనీ మంచిది కాదంట" అంది. అప్పటి నుంచి తలుపు చప్పుడైతే చాలు, నాకు గుండె దడ.

అక్కడి నుంచి నన్ను చీరాల తెచ్చినవాళ్ళు ఇద్దరు ఆడవాళ్ళు. ఒకరు శేషారత్నం. భర్త ధాన్యం వ్యాపారం చేసేవాడు, పోయాడు. ఇల్లు, ఇంటి ముందు గది, ఎంత సరుకు తేవాలో ఎవరితో ఎంత గీసి బేరమాడాలో తెలిసిన బుర్ర ఆవిడవి. రెండో ఆవిడ ప్రహరీ గోడకు అవతల ఉండే ఎస్తేరు. క్రైస్తవ మిషన్ హాస్టల్ వంటింట్లో కేకులు చేయడం నేర్చుకుంది, చెయ్యి మంచిది. పెద్దావిణ్ణి అక్కా అంటుంది. ఇద్దరూ కలిసి నన్ను కొని, ముందు గదిలో పెట్టి, ఊళ్ళో పుట్టినరోజులకీ చర్చి పండగలకీ కేకులు చేసి ఇవ్వడం మొదలుపెట్టారు. నా కడుపులో గడ్డకట్టిన ప్లాస్టిక్‌ను ఎస్తేరే కూర్చుని గీకింది. అంత ఓపిగ్గా ఎందుకు గీకుతోందా అని ఆ రోజంతా ఆమెను అనుమానంగానే చూశాను.

చెప్పొద్దూ, బాగా కలిసి పనిచేసేవాళ్ళు. శేషారత్నం పిండి తూచేది, ఎస్తేరు కలిపేది. ఇద్దరి నుదుళ్ళూ ఖాళీగా ఉండేవి. ఒకరిది ఆచారం, ఒకరిది మతం. నాకా తేడా తెలియక చాలా రోజులు వాళ్ళను అక్కాచెల్లెళ్ళే అనుకున్నాను.

దసరా వచ్చింది. ఆయుధ పూజ రోజు పొద్దున్నే శేషారత్నం ఒక్కతే గదిలోకి వచ్చి తలుపు గడియ వేసింది. గడియ చప్పుడు వినగానే, అయిపోయింది, నన్ను అమ్మేస్తున్నారు అనుకున్నాను. చేతిలో పసుపు కలిపిన గంధం గిన్నె, కుంకుమ భరిణె ఉన్నాయి. కాటాకు బొట్టు పెట్టింది, గ్రైండరుకు పెట్టింది, నా దగ్గరికి వచ్చి ఆగింది. వీధి వైపు కిటికీ కేసి ఒకసారి చూసింది. తర్వాత నా పలక మధ్యలో, గడియారం బటన్‌కు పైన, ఇంత గంధం అద్ది, దాని మీద కుంకుమ దిద్దింది. గంధం పల్చగా ఉందేమో, ఒక చుక్క కిందికి జారింది. పండగ నాడు యంత్రానికి బొట్టు పెట్టడానికి ఇంత దొంగతనం ఎందుకో నాకు బోధపడలేదు.

కాసేపటికి ఎస్తేరు తడిగుడ్డ పట్టుకుని వచ్చింది. రోజూ పని మొదలుపెట్టే ముందు నా మొహం తుడవడం ఆమె అలవాటు. పలక మీదికి చెయ్యి పోనిచ్చి ఆగిపోయింది. బొట్టును చూసింది. గుడ్డను దాని చుట్టూ తిప్పి, మిగతాదంతా తుడిచి, గిన్నెలోకి కోడిగుడ్లు కొట్టడం మొదలుపెట్టింది. ఆ రోజు నుంచి నా గడియారం బటన్ ముట్టలేదు. కేకు లోపల పెట్టి, టైము సెల్‌ఫోన్‌లో పెట్టుకునేది.

నాకు మండిపోయింది. నా గడియారం మీద నమ్మకం పోయిందా, లేక బొట్టు తగిలితే వేలు మైలపడుతుందని భయమా? రెండోదే అయ్యుంటుందని నేను తేల్చుకున్నాను. శేషారత్నం కూడా అదే తేల్చుకుందని ఆవిడ మూతి చూస్తే తెలిసింది. తను పెట్టిన బొట్టు ఎస్తేరుకు కిట్టలేదు, పైకి అనలేక కడుపులో పెట్టుకుంది అని. అడిగితే పోయేది. అడగలేదు. మనుషులు నన్ను చూసి నేర్చుకున్నారో, వాళ్ళను చూసి నేను నేర్చుకున్నానో గానీ, అడగకుండా అనుమానించడంలో ఉన్న సుఖం అడిగి తెలుసుకోవడంలో లేదు.

అనుమానం పెనుభూతమని ఊరికే అనలేదు. ఎస్తేరు రెండు రోజులు ఆలస్యంగా వస్తే, వేరు కుంపటి పెట్టుకుంటోందేమో అని శేషారత్నం గోడ మీంచి తొంగిచూసేది. నాలోంచి కొంచెం పచ్చి వాసన వస్తే, తను లేనప్పుడు అక్క నాలో వడియాలు ఎండబెడుతోంది అని ఎస్తేరు నా జాలీలు వాసన చూసేది. ఇద్దరూ మాట్లాడుకోవడం సగానికి సగం తగ్గించేశారు. పిండి తూచేటప్పుడు కాటా మీద రెండు జతల కళ్ళు ఉండేవి.

నా సంగతి ఏమిటంటే, ఆ రోజుల్లో నాకూ ఏదో తేడాగా ఉండేది. ఎవరో కనపడకుండా నా నుదుటి మీద వేలు పెట్టి నొక్కుతున్నట్టు. ఒకసారి నొక్కి వదిలేసేవారు, మళ్ళీ నొక్కేవారు. నా నుదురు నేను చూసుకోలేను కదా. గదిలో ఎవరూ లేనప్పుడు కూడా నొక్కుతుంటే, పోయిన ధాన్యం వ్యాపారి ఆత్మ ఏమైనా తిరుగుతోందా అని కూడా అనుమానపడ్డాను.

డిసెంబరులో చర్చి మహిళా సమాజం వాళ్ళు క్రిస్మస్‌కు ప్లమ్ కేకులు చెప్పారు. ఇద్దరికీ అప్పటిదాకా అంత పెద్ద ఆర్డరు రాలేదు. ఎండు పళ్ళు నానబెట్టారు, డబ్బాలకు వెన్న రాశారు. మొదటి వాయి నాలో పెట్టి తలుపు వేశారో లేదో, ఆ కనపడని వేలు నా నుదుటిని నొక్కి పట్టుకుని ఇక వదల్లేదు. ఏం చేయాలో తోచక, నాకు నేర్పిన పని చేశాను. వేడి ఆపేసి, కుయ్యి కుయ్యిమని అరుస్తూ పలక మీద నా రోగం వెలిగించాను. ఎఫ్, పక్కన ఏడు.

కేకులు లోపల సగం ఉడికి నడుములు కుంగి కూర్చున్నాయి. శేషారత్నం గోడ దగ్గర మెయిన్ స్విచ్ ఆపి, మళ్ళీ వేసింది. మళ్ళీ అరిచాను. ఆపేసింది.

"దీంట్లో తడి పదార్థమేమన్నా పెట్టావా అక్కా?" అంది ఎస్తేరు.

"నేనెందుకు పెడతా? నువ్వు రోజూ తడిగుడ్డేసి రుద్దుతున్నావు గదా."

"నేను పిండుకునే తుడుస్తా."

"సరేలే. ఈ పండగ గడిచేదాకా ఎట్టాగో అట్టా కానిద్దాం. ఆ తర్వాత దీన్ని ఎవరికన్నా ఇచ్చేసి, ఎవరి దారి వాళ్ళు చూసుకుందాం. నీక్కూడా అదే కావాలని నాకెప్పుడో తెలుసు."

ఎస్తేరు కుంగిన కేకులను ఒక్కొక్కటీ బయటికి తీసి పళ్ళెంలో బోర్లించింది. మళ్ళీ చేతులు మారడం, మళ్ళీ అల్మరా కావడం నాకు బాగానే తెలుసు గనుక నాకు భయం వేసింది. కానీ అంతకంటే ఆమె మొహం చూస్తే బాధ వేసింది. అప్పటికీ ఇదంతా నటనేమోనని ఒక మూల అనుమానం ఉంది, దాచడం ఎందుకు.

శేషారత్నం ఒంగోలులో రిపేర్లు చేసే బ్రహ్మానికి ఫోన్ చేసింది. తెర మీద ఏం పడిందమ్మా అని అతను అడిగాడు.

"ఎఫ్ పడింది. పక్కన ఆరున్నొకటి."

ఇక్కడ ఒక మాట చెప్పాలి. శేషారత్నం మెట్టినింట్లో ధాన్యం కొలిచేవాళ్ళు. కొలిచేటప్పుడు ఒకటి అనరు, లాభం అంటారు. ఏడు అసలే అనరు. ఏడు అంటే ఏడవమన్నట్టు ఉంటుందని, ఆరు తర్వాత ఆరున్నొకటి అని, ఎనిమిదిలోకి పోతారు. భర్త పోయినా, ధాన్యం పోయినా, ఆ అలవాటు మాత్రం ఆవిడ నాలుక మీద ఉండిపోయింది. అవతల బ్రహ్మం రోడ్డు మీద ఉన్నాడు. లారీల మోతలో అతనికి ఆరు వినపడింది, ఒకటి వినపడింది. రెండూ కలిపి అరవై ఒకటి చేసుకున్నాడు. మా జాతిలో ఎఫ్ అరవై ఒకటి అంటే లోపలి బోర్డు మొత్తం పోయినట్టు.

మర్నాడు అతను భుజానికి సంచీ, చంకలో కొత్త బోర్డు పెట్టెతో వచ్చాడు. శేషారత్నం చూపు తిన్నగా పెట్టె మీద పడింది.

"మిషను మొహం చూడకముందే బోర్డు ఎట్టా తెచ్చావయ్యా?"

"మీరే చెప్పారు గదమ్మా, అరవై ఒకటని."

"అరవై అని నేనెప్పుడన్నా? ఆరున్నొకటి అన్నా."

"అదే గదమ్మా. ఆరు, ఒకటి."

గడప దగ్గర నిలబడ్డ ఎస్తేరు అంది. "అన్నయ్యా, అది ఏడు. అక్క ఏడు అనదు."

"ఎందుకనరు?"

"అంటే ఏడుపొస్తదంట."

బ్రహ్మం ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. వీళ్ళు తనను ఆట పట్టిస్తున్నారా అని అతనికి అనుమానం. నా మెయిన్ స్విచ్ వేశాడు. ఎఫ్ ఏడు వెలిగించాను. ఫోన్‌లో చూసుకుని, "ఏదో బటన్ నొక్కి పట్టుకున్నట్టు చూపిస్తంది. ఎవరన్నా ఏమన్నా పోశారా దీని మీద?" అన్నాడు.

"నేను కాదు" అన్నారు ఇద్దరూ ఒకేసారి. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు ఉంది వ్యవహారం. పోలీసులా అడుగుతున్నాడు గానీ అతని చూపు కూడా మాటిమాటికీ ఆ బోర్డు పెట్టె మీదికే పోతోంది.

"ఇట్టాంటి కేసుల్లో చివరికి బోర్డే పోయి ఉంటదమ్మా. ఎట్టాగూ తెచ్చా. వేసేస్తా."

"బోర్డే పోయిందని నమ్మకం ఏంది? నా కళ్ళముందు రుజువు చెయ్యి. అప్పుడు వేద్దువుగానిలే."

ఆ రోజు శేషారత్నం అనుమానం నాకు మేలు చేసింది. అతను గొణుక్కుంటూ కరెంటు తీసి, నన్ను ముందుకు లాగి, నా వెనక రేకు విప్పాడు. నుదుటి పలక నుంచి బోర్డుకు ఒక వెడల్పాటి రిబ్బన్ తీగ వస్తుంది. అది ఊడదీసి చూస్తానన్నాడు. పలకతో సంబంధం తెగాక కూడా అదే అంకె పడితే తప్పు బోర్డుది, పడకపోతే పలకది. ఊడదీశాడు. మళ్ళీ కరెంటు ఇచ్చాడు. ముగ్గురూ నా మొహంలోకి చూస్తూ నిలబడ్డారు.

నా నుదుటి మీది వేలు పోయింది. ఎంత హాయిగా ఉందో చెప్పలేను. నేను అరవలేదు, ఏ అంకే వేయలేదు.

"బోర్డు శుభ్రంగా ఉంది" అన్నాడు బ్రహ్మం. ఆ మాట అనడానికి అతనికి కొంచెం కష్టమైంది. పెట్టెను కాలితో పక్కకు జరిపాడు. పలక ఊడదీసి, పైపొర అంచు గోరుతో లేపి, కిటికీ వెలుతురులో పట్టుకున్నాడు.

"దీంట్లోకి పసుపెట్టా వచ్చిందమ్మా? పైన బొట్టు పెట్టినట్టున్నారు. ఆవిరికి తడిసి తడిసి అంచులోంచి లోపలికి దిగింది. గడియారం బటన్ కింద పేరుకుపోయి దాన్ని నొక్కి పెట్టింది. పైపైన తుడుచుకున్నా ఇంత కాకపోను."

శేషారత్నం స్టూలు మీద కూర్చుండిపోయింది.

"ఆ బొట్టు నువ్వు చూశావా ఎస్తేరూ?"

"పండగ రోజు పొద్దున్నే చూశా."

"మరి ఎందుకు తుడవలేదు? చుట్టూతా తుడిచి అదొక్కటీ వదిలేస్తంటే, నీకు కిట్టక ముట్టుకోవట్లేదు అనుకున్నా. గడియారం నొక్కడం కూడా మానేశావు."

"నొక్కితే చెరుగుద్దని మానేశా."

"చెరిగితే చెరిగింది."

ఎస్తేరు నా మీదున్న పిండి మరకను కొంగుతో తుడిచింది. తర్వాత అంది. "బావగారు పోయినప్పుడు, పదో రోజున, మీవాళ్ళంతా నిన్ను కూర్చోబెట్టి బొట్టు తీశారే. నేను ఆ ప్రహరీ దగ్గరే నిలబడున్నా. నీ మొహం చూశా. నువ్వు పెట్టిన బొట్టు మళ్ళీ నా చేత్తో ఎట్టా చెరుపుతానక్కా?"

నాలుక మీద ఏడు అనే మాట రానివ్వని మనిషి, కొత్తవాడి ముందు, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. బ్రహ్మం స్క్రూ డ్రైవరు చేతిలో పట్టుకుని, ఏదో వెతుకుతున్నట్టు సంచీలోకి తొంగిచూశాడు. నేను వాళ్ళిద్దరినీ మళ్ళీ మళ్ళీ చూశాను. ఎక్కడైనా ఒక అబద్ధం దొరుకుతుందేమోనని వెతికాను. ఒక్కటీ దొరకలేదు.

"నాకెట్టాగూ లేదు గదా, దీనికన్నా ఉండనీ అనుకున్నానే" అంది శేషారత్నం. "ముత్తైదువలు పెట్టాల్సింది నేను పెట్టానంటే ఎవరేమంటారోనని తలుపేసుకుని పెట్టా. నువ్వేమంటావోనని ఇంకో భయం."

ఎస్తేరు మామూలు గొంతుతోనే అంది. "మిషనుకు పడలేదు అక్కా బొట్టు. నువ్వు పెట్టుకో. నీకు పడుద్ది."

శేషారత్నం తలెత్తి ఆమెను చూసింది. ముక్కు చీదుకుని, "ఆ తుడిచేదేదో తుడిచెయ్యవయ్యా, కేకులున్నాయి" అంది బ్రహ్మంతో.

అతను స్పిరిట్ దూదితో నా పలకను లోపలా బయటా తుడిచాడు. నెలల తరబడి ఇద్దరు మనుషులు తాకడానికి జంకిన దాన్ని ఒక బయటి మనిషి చిటికెలో తుడిచేశాడు, అతనికి అది ఉత్త పసుపే. ఫ్యాను కింద ఆరబెట్టి, అంచుకు పల్చటి టేపు అతికించి, రిబ్బన్ పెట్టి కరెంటు ఇచ్చాడు. ఎఫ్ లేదు, ఏడు లేదు. "మళ్ళీ తడి తగలకుండా చూసుకోండి. ఎన్నాళ్ళు ఆగుద్దో నేను చెప్పలేను" అని, కొత్త బోర్డు పెట్టెను చంకన పెట్టుకుని వెళ్ళిపోయాడు. వెళ్తూ వెళ్తూ సగం ఉడికిన కేకు ముక్క ఒకటి తిని బాగుందన్నాడు. ఆ మాట నేను నమ్మలేదు.

ఆ సాయంత్రం నుంచి నాకు తీరిక లేదు. వాయి తర్వాత వాయి. గదంతా దాల్చినచెక్క వాసన. ఎవరి దారి వాళ్ళు చూసుకోవడం గురించి మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. ఎస్తేరు నా గడియారం బటన్ నొక్కింది, ఒకసారి అనవసరంగా కూడా నొక్కి చూసింది. అయినా నా గుణం ఎక్కడికి పోతుంది? పాత ఇనుప సామాన్లకు కొనేవాడు వీధిలో కేక వేసుకుంటూ పోతే ఇప్పటికీ చెవులు రిక్కిస్తాను. ఎవరో కనపడకుండా నా మీద వేలు పెడుతున్నారని ఇంకా అప్పుడప్పుడూ అనిపిస్తుంది. మనుషుల గురించి మాత్రం ఒక చిన్న సవరణ చేసుకున్నాను. వాళ్ళు ఏదైనా ముట్టుకోకుండా వదిలేశారంటే, కిట్టకనే వదిలేశారని చెప్పలేం.

కేకులు చర్చికి పంపాల్సిన రోజు పొద్దున శేషారత్నం ముందుగా వచ్చింది. చేతిలో కుంకుమ భరిణె ఉంది. మళ్ళీ నా పలక మీదే పెట్టబోతోందేమోనని బెదిరిపోయాను. ఆవిడ పలక వైపు చూడనే లేదు. లోపల దీపం ఆర్పి ఉంటే నా తలుపు అద్దం నల్లగా మెరుస్తుంది, అందులో మొహం కనిపిస్తుంది. దాని ముందు వంగి, ఉంగరం వేలితో కొంచెం కుంకుమ తీసి, కనుబొమల మధ్య ఆనించింది. చాలా ఏళ్ళ తర్వాత పెట్టుకోవడం కదా, చెయ్యి కుదరలేదు.

అప్పుడే ఎస్తేరు అట్టపెట్టెలు మోసుకుంటూ లోపలికి వచ్చింది. ఆగి, శేషారత్నం మొహంలోకి ఒకసారి చూసింది. పెట్టెలు బల్ల మీద దించి, మూతలు మడవడం మొదలుపెట్టింది.

"కొంచెం ఎడమకి పోయింది అక్కా" అంది.

శేషారత్నం సరిచేసుకోవడానికి మళ్ళీ నా ముందు వంగింది.